పాపం, లిజవేత!

నల్లగొండలో మేం ఐదారుగురం నెలకో ఆదివారం పొద్దున పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద కలుస్తాం. ఒక నవల చదివొచ్చి మాట్లాడుకోవాలన్నది నియమం. సగం మంది చదివి వస్తారు, మిగతా సగం ఫ్లాస్కుల్లో చాయ్ తెస్తారు. పోయినసారి పుస్తకం దోస్తోయెవ్‌స్కీ ‘నేరము – శిక్ష’. మాలో అందరికన్నా చిన్నది, గ్రూప్స్‌కు చదువుతున్న అమ్మాయి, కూర్చోగానే అడిగింది: “హీరో మారిండు మారిండు అంటరు గదా సార్, ఏ పేజీల మారిండు? నాకు పేజీ నంబర్ కావాలె.”

అందరం నవ్వాం. తీరా జవాబు చెప్పబోతే ఎవరి పేజీ వారిదే అయింది. పోలీస్ స్టేషన్లో నేరం ఒప్పుకున్న చోట అని ఒకరు. కాదు, సైబీరియాలో నది ఒడ్డున, చిట్టచివర అని ఇంకొకరు. రిటైరైన తెలుగు సారు మాత్రం “వాడు మారనే లేదు. పుస్తకం ముగించాలె గాబట్టి రచయితే మార్చిండు” అన్నారు. ఎండ ముదిరేదాకా లొల్లి నడిచింది, ఏమీ తేలలేదు. ఇంటికొచ్చి మళ్లీ చదివాక, మేమంతా రస్కోల్నికోవ్ ముఖంలోనే మార్పు వెతికామని తెలిసింది. వెతకాల్సింది ఇంకొకరి పేరు దగ్గర.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. నవల 1866లో ఒక రష్యన్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పీటర్స్‌బర్గ్‌లో 23 ఏళ్ల రస్కోల్నికోవ్ డబ్బుల్లేక లా చదువు మానేసి, అగ్గిపెట్టె లాంటి గదిలో పడి ఉంటాడు. కుదువ వ్యాపారం చేసే ముసలి అల్యోనాను చంపి ఆ డబ్బుతో నలుగురికి మేలు చేస్తే తప్పేమిటన్నది అతని లెక్క. మామూలు మనుషులకు వర్తించే నీతి గొప్పవాళ్లకు వర్తించదని అప్పటికే ఒక వ్యాసం కూడా రాసి ఉన్నాడు. గొడ్డలితో ముసలామెను చంపుతాడు. అనుకోకుండా అప్పుడే ఇంటికొచ్చిన ఆమె చెల్లెలు లిజవేతనూ చంపుతాడు. నవలలో ఆరు భాగాలు, చివర ఒక ఉపసంహారం ఉన్నాయి. హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది. తక్కిన అయిదు భాగాలూ ఆ తర్వాతి కొన్ని రోజుల కథ.

ఆ రోజుల్లో అతను పడే బాధను మనం తొందరపడి పశ్చాత్తాపం అనేస్తాం. చూడబోతే చాలా దూరం అది టెన్షనే. జ్వరం, కలవరింత, బట్టల మీద రక్తపు మరక ఉందేమోనని పదేపదే చూసుకోవడం, కేసు విచారిస్తున్న అధికారి పోర్ఫిరీకి ఎంత తెలుసోనన్న గుబులు. దొంగిలించిన సొత్తును ఒక రాయి కింద దాచేసి మళ్లీ అటు పోడు. పర్సులో 317 రూబుళ్లు, చిల్లర ఉన్నట్టు తర్వాత విచారణలో తేలుతుంది. అతను మాత్రం దాన్ని తెరిచి కూడా చూడలేదు. భయం ఉంది, అసహ్యం ఉంది, అన్నిటికన్నా ఎక్కువగా అవమానం ఉంది. నేను గొప్పవాణ్ని అనుకున్నాను, పురుగునని తేలిందే అన్న అవమానం. ఇందులో చచ్చిపోయిన మనిషి ఎక్కడుంది? అంతా తనే.

సిగ్గుకూ అపరాధ భావనకూ తేడా ఇక్కడే. సిగ్గుపడేవాడు తన ముఖం చూసుకుంటాడు. తప్పు చేశానని నిజంగా కుమిలేవాడికి ఎదుటివాడి ముఖం కనబడుతుంది. మంచి నవలాకారుడు ఈ రెంటినీ కలగలిపే చూపిస్తాడు, ఎందుకంటే మనిషికి అవి వేర్వేరు సీసాల్లో దొరకవు. అందుకే పాఠకుడికి తికమక. బాధ ఎంతుందో చూడ్డం కాదు, ఆ బాధ ఎవరి వైపు తిరిగుందో చూడాలి.

అందుకే లిజవేత దగ్గరికి పోదాం. 35 ఏళ్లుంటాయి. పొడగరి, నెమ్మదస్తురాలు, అక్కకు భయపడుతూ రాత్రింబవళ్లు చాకిరీ చేసే మనిషి. ఆమె మరుసటి రోజు సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండదని బజార్లో చెవిన పడ్డాకే రస్కోల్నికోవ్ హత్యకు సమయం ఖాయం చేసుకుంటాడు. అంటే మొదట్లో అతని లెక్కలో ఆమె ఒక ఖాళీ. ఉండకపోవడమే ఆమె చేయాల్సిన పని. కానీ వచ్చింది. గొడ్డలి ఎత్తినప్పుడు ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా ఆమెకు సరిగ్గా చాతకాలేదు.

రెండో భాగంలో జ్వరంతో పడుకున్న అతని గదిలో హత్యల గురించి మాటలు నడుస్తుంటాయి. లిజవేతను కూడా చంపారంట, నీ అంగీకి ఒకసారి కుట్టు కూడా వేసింది కదా, అంటుంది పనిమనిషి నస్తాస్యా. అతను గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మాసిన పసుపు కాగితం మీది తెల్ల పువ్వులో రేకలెన్ని, గీతలెన్ని అని లెక్కపెడుతూ ఉంటాడు. దోస్తోయెవ్‌స్కీ ఇక్కడ ‘అపరాధ భావన’ అన్న మాట వాడలేదు. ఆ అవసరమే రాలేదు.

తర్వాత ఒకచోట అతనికే తడుతుంది: ముసలామె మీద కోపంతో రగిలిపోతున్నాను గానీ లిజవేత నాకు గుర్తే రావడం లేదేమిటి, ఆమెను చంపనే లేదన్నట్టు? ఆ వెంటనే పాపం లిజవేత, సోన్యా అంటూ ఇద్దరు నెమ్మదస్తురాండ్రనూ కలిపి తలుచుకుంటాడు. సోన్యా అంటే ఇల్లు గడవక ఒళ్లమ్ముకునే అమ్మాయి, ఆమె దగ్గరికి తర్వాత వస్తాను. ఇక్కడ తెలుగులో చదివేవాళ్లకు అదనంగా ఒకటి దొరుకుతుంది. మనకు ‘పాపం’ అంటే చేసిన చెడు, ‘పాపం!’ అంటే ఎదుటివాళ్ల మీద జాలి. పాపం చేశాను అన్నప్పుడు ఆ వాక్యానికి కర్త నేను. పాపం పిల్లగాడు అన్నప్పుడు నేను లేను, పిల్లగాడే ఉన్నాడు. ఈ రెండు అర్థాలు ఒకే మాటలో ఎట్లా చేరాయో భాషాశాస్త్రం వాళ్లు చెప్పాలి. నాకు కావాల్సిందల్లా రస్కోల్నికోవ్ మొదటి పాపం నుంచి రెండో పాపం దాకా నడిచాడన్నది. అయిదు వందల పేజీల నడక అది.

నిజానికి రెండోది అతనిలో ముందే ఉంది. హత్యకు ముందు ఒక కల వస్తుంది. ఏడేళ్ల పిల్లవాడిగా నాన్న చెయ్యి పట్టుకొని పోతుంటాడు. తాగినవాళ్లు బక్క గుర్రానికి మొయ్యలేనంత బండి కట్టి, కదలడం లేదని కొట్టి కొట్టి చంపుతారు. పిల్లవాడు ఏడుస్తూ ఉరికి ఆ చచ్చిన గుర్రం ముట్టె కావలించుకుంటాడు. లేచాక, నేను నిజంగా గొడ్డలి పట్టగలనా అని వణికిపోతాడు. ఎదగడమంటే లేనిదేదో కొత్తగా సంపాదించడం అనుకుంటాం కదా, ఈ నవలలో అది ఆ ఏడేళ్ల పిల్లవాడి దగ్గరికి తిరిగి పోవడం.

ఇప్పుడు దృష్టికోణం సంగతి. అసలు తిప్పలంతా ఇక్కడే. దోస్తోయెవ్‌స్కీ మొదట ఈ కథను ‘నేను’ అని హంతకుడే చెప్పుకుంటున్నట్టు రాశాడు. 1865 నవంబర్ ఆఖరుకు చాలా భాగం తయారైంది. నచ్చక తగలబెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చెప్పేది బయటి గొంతు, కానీ హీరోను వదలకుండా వాడి భుజం మీదే కూర్చున్న గొంతు. అప్పులవాళ్లు మెడ మీద కూర్చున్న మనిషి రాసినదంతా కాల్చేశాడంటే ఊరికే కాదు.

ఎందుకు కాల్చాల్సి వచ్చిందో మన దగ్గరి ఉదాహరణతో చెప్తాను. పాలమూరు గుంపు మేస్త్రీ మీద ఒక నవల రాస్తున్నామనుకోండి. దేశంలో ఎన్నో డ్యాముల కింద, కాలువల కింద పాలమూరు లేబర్ చెమట ఉంది. మేస్త్రీ ఊళ్లో అడ్వాన్సు ఇస్తాడు, గుంపును కట్టుకొని ఎక్కడో కాలువ పనికి తీసుకుపోతాడు. అక్కడ మట్టి కట్ట విరిగిపడి ఒకడు చనిపోయాడు. ఈ కథను మేస్త్రీ చేత చెప్పిస్తే ఏం వినబడుతుంది? “నేను చెప్తనే ఉన్న, అంచుకు పోకురా అని. ఇనలే. కాంట్రాక్టరు పైసలు ఆపితే నా జేబుల నుంచి ఇచ్చిన.” ప్రతి ముక్కా నిజమే కావచ్చు. వింటున్నంతసేపూ మనం అతని వకీలుమైపోతాం. ‘నేను’ అనే మాటకు ఆ గుణం ఉంది, తప్పు ఒప్పుకుంటూనే కేసు గెలవాలని చూస్తుంది.

అదే కథను బయటి గొంతు చెప్తే ఇంకోటి కనబడుతుంది. మేస్త్రీ ఊరికొచ్చాక కల్లు దుకాణానికి పీర్ల చావిడి వెనక నుంచి చుట్టు తిరిగి పోతున్నాడు. దగ్గరి దారి చనిపోయినవాడి ఇంటి ముందు నుంచి ఉంది. ఎందుకు చుట్టు తిరుగుతున్నావని అడిగితే, ఎండ కదా, అటు చెట్ల నీడ అంటాడు. తను చుట్టు తిరుగుతున్న సంగతి తనకే పట్టలేదు. ‘నేను’ అని చెప్పే మేస్త్రీ ఈ ముక్క మనకెన్నడూ చెప్పడు. గోడ మీది పువ్వు రేకలు లెక్కపెట్టడం కూడా అటువంటిదే.

ఇక మూడో దారి, చనిపోయినవాడి భార్య వైపు నుంచి చెప్పడం. అప్పుడది అపరాధ భావన నవల కాదు, అన్యాయం నవల అవుతుంది. అదీ రావాల్సిందే, నిజానికి అవే ఎక్కువ రావాలి. తప్పు చేసినవాడి మనసును సాహిత్యం ఇంత ముద్దుగా చూసుకుంటుంది గానీ తప్పు జరిగినవాళ్ల వంతుకు ఎన్ని పేజీలొస్తున్నాయని గ్రూప్స్‌కు చదివే ఆ అమ్మాయి ఆ రోజు అడగనే అడిగింది. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది.

‘నేను’ను గొప్పగా వాడుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఇంగ్లిష్ నవలాకారుడు ఇయాన్ మెక్‌యువన్ ‘అటోన్‌మెంట్’ 2001లో వచ్చింది. 13 ఏళ్ల బ్రయొనీ కిటికీలోంచి చూసినదానికి తోచిన అర్థం కట్టి, అమాయకుణ్ని జైలుకు పంపుతుంది. కథంతా బయటి గొంతులోనే నడుస్తుంది. చివర్లో ముసలిదైన బ్రయొనీ ‘నేను’ అని వచ్చి, ఇదంతా రాసింది తానేననీ, తాను విడదీసిన ఆ జంట నిజానికి మళ్లీ ఒక్కటి కాకుండానే యుద్ధంలో చనిపోయారనీ, పుస్తకంలో మాత్రం కలిపాననీ చెప్తుంది. క్షమించాల్సినవాళ్లు లేరు, కథ చెప్పే అధికారమంతా ఆమెదే. ఇది దయనా, ఇంకో మోసమా? నాకైతే సగం సగం.

మన ఊళ్లలో తప్పు తీర్చుకునే మాటలు మూడు ఉన్నాయి. పెద్దమనుషుల ముందు దండుగ కట్టడం ఒకటి, అది ఊరితో లెక్క. గుండు కొట్టించుకొని గుడి చుట్టూ తిరిగే ప్రాయశ్చిత్తం రెండోది, అది దేవుడితో లెక్క. మూడోది మాత్రం తప్పు జరిగిన మనిషి ఇంటికే పోవాలి: “తప్పైంది, కడుపుల పెట్టుకో.” నా తప్పును దాచుకునే చోటు నా దగ్గర లేదు, నీ కడుపులో చోటివ్వు అని అడగడం. మొదటి రెంటికీ ఎదుటి మనిషి అక్కర్లేదు. మూడోదానికి ఆ మనిషి బతికి ఉండాలి.

లిజవేత చచ్చిపోయింది. ఎవరి కడుపులో పెట్టుకోమని అడగాలి? దోస్తోయెవ్‌స్కీ ఈ చిక్కుముడిని విప్పిన తీరు నాకు నవలలోకెల్లా గొప్పగా తోస్తుంది. సోన్యా, లిజవేత స్నేహితులు. ఇద్దరూ మెడలోని శిలువలు మార్చుకున్నారు. సోన్యా దగ్గరున్న బైబిలు లిజవేత ఇచ్చిందే. అతను సోన్యాకు నిజం చెప్పినప్పుడు ఆమె భయంతో చెయ్యి ముందుకు చాపి వెనక్కి జరుగుతుంది. గొడ్డలి ముందు లిజవేత జరిగినట్టే. ఆ క్షణాన సోన్యా ముఖంలో అతనికి లిజవేత ముఖం కనబడుతుంది. చచ్చినామె ముఖం చూడాలంటే బతికున్న ఇంకో ముఖం అడ్డుపెట్టుకోవాల్సి వచ్చింది. నాకు పేజీ చూపించమంటే ఇదే చూపిస్తాను.

నాలుగు తొవ్వలు కలిసేచోట నిలబడి, నేల ముద్దు పెట్టుకొని, చంపానని అందరికీ చెప్పు అంటుంది సోన్యా. అతను సంత మధ్యలో నేలను ముద్దు పెట్టుకుంటాడు. తాగుబోతనుకొని జనం నవ్వుతారు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోతుంది. పోలీస్ స్టేషన్‌కు పోయి కూడా చెప్పకుండా దిగి వస్తాడు. బయట సోన్యా నిలబడి ఉంటే చూసి మళ్లీ మెట్లెక్కుతాడు. అప్పుడు అన్న వాక్యంలో ముసలామెతో పాటు ఆమె చెల్లెలు లిజవేత అని పేరు పెట్టి చెప్తాడు. నవలంతా గొంతులో ఇరుక్కున్న పేరు అక్కడ బయటికొస్తుంది.

అయినా తెలుగు సారు అన్నదాంట్లో నిజముంది. ఎనిమిదేళ్ల శిక్ష పడి సైబీరియా చేరాక కూడా, నా ఆలోచన తప్పు కాదు, నేను తట్టుకోలేకపోవడమే తప్పు అని లోపల వాదించుకుంటూనే ఉంటాడు. తోటి ఖైదీలకు అతనంటే పడదు, సోన్యా అంటే ప్రాణం. ఎందుకో అతనికి అర్థం కాదు. తర్వాత జబ్బు పడి ఒక కల కంటాడు. ఏదో కొత్త రోగం లోకమంతా పాకి, ప్రతి మనిషీ సత్యం నాకొక్కడికే తెలుసనుకొని ఎదుటివాణ్ని చంపుతుంటాడు. అంటే లోకం నిండా రస్కోల్నికోవ్‌లే. వాదనలో అతన్ని ఎవరూ ఓడించలేదు. అతని వాదనను అతనికే బయటి నుంచి చూపించారు, అంతే.

ఆ తర్వాత జరిగింది చాలా చిన్నది. సోన్యాకు ఒంట్లో బాగాలేక కొన్నాళ్లు రాదు. ఆమె ఎట్లా ఉందోనని అతను కనుక్కుంటాడు, కంగారు పడతాడు. నది ఒడ్డున ఆమె కాళ్ల మీద పడే ఘట్టం కంటే ఇది నాకు ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంది. ఉపసంహారం అతికించినట్టుందని విమర్శకులు చాలాకాలంగా అంటున్నారు, నదీ ఘట్టం వరకు నేనూ ఒప్పుకుంటాను. కొత్త మనిషి కథ వేరే కథ అని దోస్తోయెవ్‌స్కీ అక్కడితో కలం పెట్టేశాడు. తను రాయలేనిది రాయనన్నాడు, అది నిజాయితీ. 1849లో మరణశిక్ష దాకా పోయి, ఆఖరి ఘడియలో తప్పించుకొని, నాలుగేళ్లు ఓమ్స్క్ జైల్లో ఉండొచ్చిన మనిషి కదా, జైల్లో జనం ఎంత నెమ్మదిగా మారతారో చూసే ఉంటాడు.

ఇదంతా కట్ట మీద చెప్పేటప్పుడు నేనూ నా ముచ్చట ఒకటి కలిపాను. ఎప్పుడూ కలుపుతూనే ఉంటాను. చిన్నప్పుడు మా బత్తాయి తోటలో పనిచేసేవాళ్ల పిల్లగాడు గట్టు దిగి పోతుంటే చూశాను. ఆ సాయంత్రం కాయలు తక్కువొచ్చాయంటే, వాడే అని చెప్పాను. చేతిలో కాయలుండడం నేను చూడలేదు. వాణ్ని జామ బరికెతో కొట్టారు. తర్వాత కాయలు ఇంకో గంపలో దొరికాయి. నాకు మూడు రోజులు అన్నం సయించలేదు, ఇప్పటికీ బత్తాయి ఒలిస్తే ఆ వాసనకు గుండెలో కలుక్కుమంటుంది. ఈ మాట అనేసరికి అందరూ నిశ్శబ్దమవుతారు. నాకది అలవాటే.

ఆ అమ్మాయి మాత్రం, “గా పిల్లగాని పేరేంది సార్?” అని అడిగింది.

గుర్తు రాలేదు. బరికె గుర్తుంది, గంప గుర్తుంది, నాకు అన్నం సయించకపోవడం గుర్తుంది.

రాత్రి అక్కకు ఫోన్ చేశాను. అడగగానే పేరు చెప్పేసింది. వాళ్లమ్మ పేరు కూడా చెప్పింది. “ఆ బత్తాయిల లొల్లి అయినంక నెలకే గదరా, వాళ్లు ఇల్లు తాళమేసి బొంబాయి పోయింది. మళ్ల రాలే. నీకు యాదికి లేదా?”

నేను ఇన్నేళ్లుగా చెప్పుకుంటూ వచ్చిన కథలో బొంబాయి లేదు.